వృక్షోత్సవ కవి రవీంద్రుడు

మత్స్యపురాణమున వృక్షోత్సవవిధి యని యొక అధ్యాయము కలదు. తోట వేసిన యజమానుడు ఆ తరువులను సర్వౌషధి జలముతో తడిపి, పూలమాలలతోను వస్త్రములతోను అలంకరించి, బంగారు సూదితో వానికి చెవులు కుట్టి, బంగారు పుల్లతో కాటుక దిద్ది, హోమము గావించి, గోవును విడువవలెనని అందు చెప్పబడియున్నది. కన్నబిడ్డకు చేయు ముచ్చటలన్నియు చెట్టునకును చేయుమని దాని తాత్పర్యము. పాఠశాలలో మా గురువుగారు ఈ ఘట్టమును చెప్పుచుండగా, చెట్టునకు చెవు లెక్కడ నుండునని ఒక విద్యార్థి యడిగి చీవాట్లు తినెను. ఆ విద్యార్థిని నేనే. ప్రశ్నకు సమాధానము ఆనాడు దొరకలేదు. ఆ విధిని యథాశాస్త్రముగా చేయించినవారిని కూడ నా యెరుకలో నేను చూడలేదు.

గ్రంథములలో నిద్రించుచున్న ఆ విధి యొక్క ప్రాణమును పట్టుకొని, దానికి కర్త ధనవంతుడు కానక్కరలేదనియు, పదేండ్ల బాలికయు, గోచి పెట్టిన కర్షకుడును కర్తలు కావచ్చుననియు చూపినవాడు విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు. గీతాంజలి కర్తగా, 1913లో నోబెల్ బహుమానము నందినవాడుగా, జాతీయగీత నిర్మాతగా ఆయనను ఎరుగని తెలుగువారు లేరు. ఆయన కవిత్వమును చదివినంతగా ఆయన నడిపిన ఉత్సవములను మాత్రము మనము తలపోయలేదు. నేనును చాలకాలము వానిని మంత్రమునకు పాటను, ఋత్విక్కునకు నటుని మార్చిన వేడుకలుగానే యెంచితిని. ఈ వ్యాసము కొంతవరకు ఆ తలంపునకు ప్రాయశ్చిత్తము.

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తాలోని జొరాసంకో భవనమున దేవేంద్రనాథ మహర్షికిని శారదాదేవికిని పదునాలుగవ సంతానముగా జన్మించెను. సంపన్నుల యిల్లు, పెద్ద సంసారము. పసివారి పాలన సేవకుల చేతిలో నుండెను. శ్యాముడను సేవకుడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గిరి గీసి, దానిని దాటిన ప్రమాదము కలుగునని బెదరించి తన దారిని తాను పోవుచుండెను. సీతమ్మ లక్ష్మణరేఖను దాటి పడిన కష్టమును రామాయణమున విని యుండుటచే ఆ పసివాడు గీత దాటెడివాడు కాడు. గిరికి ప్రక్కనే కిటికీ. దాని క్రింద మెట్లు కట్టిన కొలను. గట్టున ఊడలు దిగిన మఱ్ఱిచెట్టు. స్నానమునకు వచ్చువారు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున మునుగుటయు, మధ్యాహ్నము అందరును పోయిన పిదప బాతులు తిరుగుటయు, మఱ్ఱి నీడలోని చీకటియు చూచుచు ఆయన దినములు గడపెను. పెద్దయైన పిదప తన జ్ఞాపకములు వ్రాయునాటికి ఆ మఱ్ఱియు లేదు, ఆ కొలనును లేదు. గిరిలో నుండి కన్న ఆ చెట్టును ఆయన మరువలేదనుటకు తరువాతి జీవితమంతయు సాక్ష్యము.

1873లో ఉపనయనమైనది. బోడితలతో తిరిగి బడికి పోవుటెట్లని దిగులుపడుచున్న బాలుని తండ్రి హిమాలయ యాత్రకు వెంటబెట్టుకొని పోవుచు, దారిలో బోల్పూరు చెంతనున్న శాంతినికేతనమున కొన్ని దినములు నిలిపెను. ఆ స్థలమును మహర్షి 1863లో సంపాదించెను. అప్పటికది వట్టి యెఱ్ఱని బీడు. చెప్పుకొనదగిన చెట్లు రెండే, రెండును సప్తపర్ణములు. మనవారు ఏడాకుల పాల యందురు. వాని నీడను మహర్షి ధ్యానము చేసికొనెడివారు. చుట్టును వాననీటికి నేల కోసికొనిపోయి గండ్లు పడియుండెను. వానిని అచటివారు ఖొవాయి యందురు. బాలుడు ఆ గండ్లలో తిరిగి రంగురాళ్లు కొంగున మూటగట్టి తెచ్చెడివాడు. ఒకనాడు నీటి ఊట నొకదానిని కనుగొని తండ్రికి చెప్పెను. చిన్నవాని మాటయని త్రోసివేయక, స్నానపానములకు ఆ ఊటనీరే తెమ్మని తండ్రి ఏర్పాటు చేసెను. నీటిని చూపిన పిల్లవానిని మెచ్చుకొను పెద్దలు ఎందరుందురు?

1888లో మహర్షి శాంతినికేతనమునకు ధర్మకర్తల పత్రము వ్రాసి రిజిస్టరు చేయించెను. అందు అచట జీవహింస కూడదనుటతో పాటు, ఏటేట ఒక మేళా జరుపవలెనని కూడ వ్రాసియుండుట గమనింపదగినది. పౌష మాసము ఏడవ దినమున జరుగు ఆ మేళాకు చుట్టుప్రక్కల గ్రామస్థులును, ఏకతార మీటుచు పాడు బావులులును వచ్చెడివారు. బావులులు మన బైరాగుల వంటివారు.

ముప్పది యేండ్ల ప్రాయమున తండ్రి యాజ్ఞచే రవీంద్రుడు పద్మానదీ తీరమునందలి జమీ వ్యవహారములు చూచుటకు శిలాయిదహమునకు పోయెను. పడవలో నివాసము. రైతుల పేదరికము, ఎండిన చెరువులు, వరదలు, పూటకొక వ్యాజ్యము ఆయనకు అచ్చట కండ్లబడెను. తరువాత 1906లో పెద్దకుమారుడు రథీంద్రనాథుని అమెరికాకు పంపినది బారిస్టరు పరీక్షకు కాదు, వ్యవసాయశాస్త్రము నభ్యసించుటకు. ఆ కాలపు పెద్దింటివారిలో ఇది వింత.

1904లో వంగదేశమున నీటి యెద్దడి గూర్చి ప్రభుత్వము ఒక ప్రకటన చేయగా, దానికి సమాధానముగా రవీంద్రుడు స్వదేశీ సమాజము అను ఉపన్యాసమును కలకత్తాలో చదివెను. చెరువు త్రవ్వించుట పూర్వము గ్రామము తనకు తాను చేసికొను ధర్మమనియు, ఇపుడు దానికై సర్కారు వంక చూచుటయే అసలు కరవనియు ఆయన వాదము. ఇంతవరకు పలువురు చెప్పిన మాటయే. ఆ చెదరిన గ్రామమును మరల ఒకచోట చేర్చుటెట్లన్న ప్రశ్నకు మాత్రము ఆయన జవాబు వేరు. సభలు పెట్టి తీర్మానములు చేసిన పల్లె కదలదు. తీర్థములకును మేళాలకును పల్లె తనంతట తానే తలుపులు తెరచుకొని వచ్చును. అచటనే యాత్రానాటకములు, కీర్తనలు, కథలు పెట్టి, రోడ్డును గూర్చి, నీటిని గూర్చి, పచ్చికబీళ్లను గూర్చి వారితో మాటలాడవలెనని ఆయన సూచించెను. తరువాతి ఉత్సవములకెల్ల బీజ మిచ్చటనే యున్నది.

అంతకు మునుపే, 1901 డిసెంబరు 22న, ఆయన శాంతినికేతనమున బ్రహ్మచర్యాశ్రమ విద్యాలయమును స్థాపించెను. విద్యార్థులు అయిదుగురు. పాఠములు చెట్లక్రింద. ఋషికుల సంప్రదాయము మనస్సున నుంచుకొని చేసిన పని యది. ఆ వెంటనే ఇంట మృత్యువు కాలుపెట్టెను. 1902 నవంబరులో భార్య మృణాళినీదేవి గతించెను. మరుసటి యేట కుమార్తె రేణుక. 1905లో తండ్రి. ఇక కడపటిది చెప్పుటకు ముందు ఒక ఉత్సవమును గూర్చి చెప్పవలెను.

రవీంద్రుని కడగొట్టు బిడ్డ శమీంద్రుడు. 1896లో పుట్టినవాడు. ఆశ్రమములోనే చదువుచుండెను. 1907 ఫిబ్రవరిలో, శ్రీపంచమి నాడు, ఈ పదేండ్ల బాలుడు తోటివారిని కూర్చుకొని ఋతూత్సవమను పేర ఒక వేడుక చేసెను. బాలురు వసంతము, వర్షము, శరత్తు వేషములు ధరించి పాడిరి, ఆడిరి. ఆశ్రమమున ఋతువునకు ఉత్సవము జరుగుట అదియే మొదలు. దానిని ఆరంభించినది మహాకవి కాదు, ఆయన చిన్న కుమారుడు. ఆ యేడే శరత్కాలపు సెలవులలో శమీంద్రుడు ముంగేరునకు పోయెను. అచట విషూచి తగిలి నవంబరు నెలలో, తల్లి గతించిన అయిదేండ్లకు, ఆ నెలలోనే కన్నుమూసెను. పదునొకండేండ్లు నిండలేదు. తండ్రి అచటనే యుండెను. ఆ మరునాటి రాత్రి రైలులో వచ్చుచు, ఆకాశమంతయు వెన్నెలతో నిండియుండుట చూచి, ఈ సృష్టిలో ఏదియు తరుగలేదని తనకు తోచినట్లు చాల సంవత్సరముల తరువాత కుమార్తెకు వ్రాసిన లేఖలో ఆయన తెలిపెను.

పుత్రశోకము తండ్రులను రెండు విధముల మార్చును. కొందరు బిడ్డ ఆడిన ఆట వస్తువును కంటికి కానరాకుండ దాచుదురు. రవీంద్రుడు బిడ్డ యాడిన ఆటను అందరి పిల్లలకును పంచెను. 1908లో ఆశ్రమమునకు వచ్చిన క్షితిమోహన సేనుడును, సంస్కృతోపాధ్యాయుడైన విధుశేఖర శాస్త్రియు వేదమునుండి పర్జన్య మంత్రముల నేర్చి కూర్చి వర్షోత్సవము జరిపిరి. ఆ సంవత్సరమే రవీంద్రుడు శరదుత్సవ మను నాటకమును పిల్లల కొరకు వ్రాసెను. అందు సెలవునాడు పిల్లలందరును ఆడుకొనుచుండగా ఒక్క బాలుడు మాత్రము మరణించిన తన గురువు చేసిన అప్పు తీర్చుటకై కూర్చుండి తాళపత్రములకు ప్రతులు వ్రాయుచుండును. సన్న్యాసి వేషమున నున్న చక్రవర్తి ఆ బాలుని చూచి, శరత్తునకు తగిన ఉత్సవము వీడే చేయుచున్నాడని గ్రహించును. ప్రకృతి తాను పొందిన దానిని పండుగ, పువ్వుగ తిరిగి యిచ్చి ఋణము తీర్చుకొనుచున్నది. ఆ తీర్చుటయే దాని సొగసు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని వల్లించిన మావంటి వారికి ఈ నాటకము క్రొత్త కాదు. నేలకును ఋణపడితిమను మాటయే కొంచెము క్రొత్త.

నాటి నుండి ఆశ్రమమున ఏ ఋతువును పాట లేక గడువలేదు. వర్షమంగళము, శరదుత్సవము, వసంతోత్సవము. పాటలు కొన్ని వందలు పుట్టెను. వేడుక వేడుకగనే మిగిలిపోకుండుటకు ఒక ఉదాహరణము: వసంతమును గూర్చిన ఫాల్గుణి నాటకమును 1916 జనవరిలో కలకత్తాలో ప్రదర్శించి, వచ్చిన ధనమును బాంకుడా జిల్లా క్షామపీడితులకు పంపిరి. అందు అంధుడైన బావులు వేషము కవియే ధరించెను. సత్కులముల బాలికలు పదిమంది యెదుట నృత్యము చేయుట తరువాతి కాలమున పలువురు పెద్దలకు రుచింపలేదు, ఆయన లెక్కచేయలేదు.

ఈ నడుమ 1919లో ఆయన మన మదనపల్లెకు వచ్చి దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాలలో కజిన్స్ దంపతుల అతిథిగా కొన్నాళ్లు విశ్రమించెను. జనగణమన గీతమును ఆంగ్లమున తన చేతితో వ్రాసి యిచ్చినది అచ్చటనే, ఫిబ్రవరి 28న. 1921లో విశ్వభారతి యేర్పడిన పిదప మన వారును అచటికి చదువుకొన పోయిరి. తరువాత ముఖ్యమంత్రియైన బెజవాడ గోపాలరెడ్డిగారు అట్టివారిలో ఒకరు. రవీంద్రుని కృతుల నెన్నింటినో ఆయన తెనిగించెను.

1922 ఫిబ్రవరి 6న శాంతినికేతనమునకు సమీపమున సురూల్ గ్రామమందు శ్రీనికేతనము వెలసెను. ఎల్మ్‌హర్స్ట్ అను ఆంగ్ల యువకుడు, వ్యవసాయశాస్త్రము చదివినవాడు, దాని భారము వహించెను. అచట చేరిన విద్యార్థులకు ఆయన పెట్టిన మొదటి పాఠములలో ఒకటి తమ మరుగుదొడ్ల మలమును తామే మోసి గోతులలో పూడ్చి కూరగాయల మడులకు ఎరువు చేయుట. అందరును సద్వంశములవారు. ఆ పని ఆనాడు వారికెట్లుండెనో ఊహింపుడు. శౌచాచారమను పేర మనము మన మాలిన్యమును ఇంకొకని తలకెత్తి, చేతులు కడిగికొని, శుద్ధులమని తలచుచుంటిమి. ఈ వాక్యము వ్రాయుటకు మా వంటి కుటుంబమున పుట్టినవానికి కలము కొంచెము తడబడును. అయినను నిజము నిజమే. ఆ సంవత్సరమే ఎల్మ్‌హర్స్ట్ కలకత్తాలో నేలతల్లిని దోచుకొనుటను గూర్చి యిచ్చిన ఉపన్యాసమునకు రవీంద్రుడు అధ్యక్షత వహించెను. పల్లె పండించినదంతయు పట్టణమునకు పోవును, పల్లెమట్టికి మరల ఏమియు రాదు. దొంగిలించినదానిని తిరిగి యిచ్చు విద్యయే శ్రీనికేతనపు విద్య. ఆ యేటనే వెలువడిన ముక్తధార నాటకమున, ఒక రాజు యంత్రనిపుణునిచే జలపాతమునకు కట్ట వేయించి దిగువ ప్రజల నీరు ఆపుటయు, యువరాజు ఆ కట్టను ఛేదించి ఆ ప్రవాహముననే లీనమగుటయు కథ.

ఇక 1928. జూలై 14వ తేదీ. శాంతినికేతనమున వృక్షారోపణము. రవీంద్రునికి అరువదియేడేండ్లు. కోడలు ప్రతిమాదేవి తొట్టిలో పెంచిన పొగడమొక్కను నాటుటకు ఎన్నుకొనిరి. బాలికలు చక్కగ అలంకరించుకొని శంఖములు పూరించుచు, పాటలు పాడుచు, ఆ మొక్క వెంట ఊరేగింపుగా వచ్చిరి. విధుశేఖర శాస్త్రి సంస్కృత శ్లోకములు పఠించెను. మొక్కకు మాల వేసి, గంధము పూసి, ధూపమెత్తి స్వాగతము చెప్పిరి. పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశములను ఒక్కొక్క పద్యముతో పిలిచి ఈ శిశువును కాపాడుడని వేడి, ఆరవది మంగళవాచకముగా కవి తానే చదివెను. ఊరిలో లేని కోడలికి ఈ సంగతులన్నియు మురిసిపోవుచు వ్రాసెను. ఇంతటి భాగ్యము లోకమున ఏ చెట్టునకు పట్టెనని ఆయన సంబరము.

దీనిని చదివినపుడు నాకు మా గురువుగారి పాఠము గుర్తునకు వచ్చెను. బంగారు సూది లేదు, గోదానము లేదు, హోమము లేదు. శాస్త్రదృష్టితో చూచిన లోపములే. ఐనను బిడ్డకు చేయునట్లు చెట్టునకు చేయుమన్న మాట అక్షరాల నెరవేరినది అచ్చటనే కదా! విధుశేఖర శాస్త్రి వంటి కాశీ పండితుడు తన మంత్రమును ఆ పాటల ప్రక్కన నిలుపుటకు సంకోచింపలేదు, నేనెవడను?

మరునాడు శ్రీనికేతనమున హలకర్షణము. గృహ్యసూత్రములలో సీతాయజ్ఞమని చెప్పిన దానికిది దగ్గర. ఎడ్లను అలంకరించిరి. నేలపై ముగ్గులు తీర్చిరి. వంగదేశమున ఆల్పన యందురు, వ్రతములందు స్త్రీలు బియ్యపుపిండితో వేయునదే. నోబెల్ బహుమానము పట్టిన చేతితో కవి మేడి పట్టి చాలు దున్నెను. చిత్రకారుడు నందలాల్ బోసు ఈ దృశ్యమును తరువాత శ్రీనికేతనపు గోడపై చిత్రించెను.

ఆ సంవత్సరముననే రవీంద్రుడు బలాయి అను కథ వ్రాసెను. తల్లిలేని పిల్లవాడు బలాయి, పినతండ్రి యింట పెరుగుచుండును. తోట నడుమ దారిలో ఒక బూరుగమొక్క మొలచును. దారికి అడ్డమని పినతండ్రి పెరికించబోగా పినతల్లిని పట్టుకొని బతిమాలి దానిని కాపాడును. పిదప తండ్రి వచ్చి పిల్లవానిని సిమ్లాకు, ఆపై విదేశమునకు గొనిపోవును. పోవుటకు ముందు సిమ్లా నుండి, తన బూరుగ చెట్టు ఫోటో నొకటి పంపుడని బలాయి ఉత్తరము వ్రాయును. అప్పటికి చెట్టు లేదు, పినతండ్రి కొట్టించివేసెను. పినతల్లి రెండు దినములు అన్నము ముట్టలేదు. కథ యింతే. శమీంద్రుడు పోయిన ఇరువదియొక్క యేండ్లకు వ్రాసిన కథ యని గుర్తుంచుకొని చదివిన, ఆ యిల్లాలి యుపవాసము వేరుగా తోచును.

తరువాత 1936లో భువన్‌డాంగా గ్రామపు చెరువు పూడిక తీయించి జలోత్సర్గము జరిపిరి. ముప్పది రెండేండ్ల క్రిందట కలకత్తా వేదికపై చెప్పిన మాట అట్లు ఒక గ్రామమున నీరైనది. చెట్టు నాటుటయు, చెరువు త్రవ్వుటయు మన స్మృతులు పూర్తములని పేర్కొన్న కర్మలే.

1941 జూలైలో వ్యాధిగ్రస్తుడైన ఆయనను శాంతినికేతనమునుండి కలకత్తాకు తరలించిరి. శస్త్రచికిత్స జరిగెను. ఫలింపలేదు. ఆగస్టు 7న, పుట్టిన యింటనే, ఎనుబదియేండ్ల ప్రాయమున ఆయన దేహము చాలించెను. ఆశ్రమపు చెట్ల నడుమ నిశ్శబ్దముగా పోవలెనని కోరినవానిని కలకత్తా జనసముద్రము తన భుజములపై తోసుకొని పోయెను.

1950లో కె. ఎం. మున్షీగారు దేశమంతట వనమహోత్సవము నెలకొల్పిరి. అది ప్రభుత్వపు పండుగ. మొక్కల లెక్కలు వ్రాయుదురు, మరుసటి వేసవిలో వానిని ఎవరును లెక్కింపరు. శాంతినికేతనమును కూడ ఈ కాలపు జాడ్యము విడువలేదు. మహర్షి పత్రమునుండి పుట్టిన పౌషమేళాయే లక్షలమంది త్రొక్కిడియై, వదలిన చెత్తయు, పొగయు హరిత న్యాయస్థానము దాక వ్యాజ్యమునకు కారణమైనది. కొన్ని యేండ్లు మేళాయే ఆగిపోయినది. 2023లో యునెస్కో శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది.

వంగదేశపు శ్రావణము సౌరమానమున నడచును. ఆగస్టు 7వ తేదీ ఆ లెక్కను శ్రావణము ఇరువదిరెండవ దినము. కవి పోయిన మరుసటి యేటి నుండి వృక్షారోపణమును ఆశ్రమవాసులు ఆ దినమునకే మార్చిరి. శ్రాద్ధదినమున శోకసభ లేదు. పసుపు వస్త్రములు ధరించిన పిల్లలు చిన్న పల్లకిలో ఒక మొక్కను కూర్చుండబెట్టి, తాటియాకు గొడుగు పట్టి, పాడుచు వత్తురు. అయిదుగురు పంచభూతములై నిలుతురు. గోయి త్రవ్వి యుంచినచోట పల్లకి దించి, మొక్కను నాటి, నీరు పోసి, మంగళగీతము పాడి మరలుదురు.